ఒడ్డుమీది కెమెరా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను దిగి చైతన్యపురి వైపు నాలుగడుగులు వేసినవానికి, పోటీపరీక్షల శిక్షణాలయముల బోర్డులును, హాస్టళ్ల ప్రకటనలును, జిరాక్సు దుకాణములును, పాత పుస్తకముల బండ్లును ఒకదానిపై నొకటి ఎగబ్రాకుచు కన్నులను కప్పివేయుటచేత, ఇది ఉద్యోగార్థుల పట్టణమే గాని మట్టితో దీనికి సంబంధ మేమియు లేదని తోచుట సహజము. కాని ఆ బోర్డుల క్రింద సంచి భుజమున వేసికొని నిలిచిన యువకుని ఊరడిగినచో, సాగరు రోడ్డునో విజయవాడ రోడ్డునో పట్టుకొని పోవలసిన ఊరి పేరే తరచుగా వినవచ్చును. దేవరకొండ, హాలియా, మునుగోడు, నకిరేకల్, సూర్యాపేట ప్రాంతములనుండి వచ్చిన ఈ పిల్లలలో చాలమంది తండ్రులు పత్తియో, వరియో, బత్తాయియో పండించువారు. నెలనెలా హాస్టలుకు కట్టవలసిన రూకలు ఆ పంటనుండియే రావలెను. రాత్రి చదువు ముగిసి దీప మార్పిన పిదప ఆ గదులలోని ఫోనులమీద నడచునది సినిమాపాటలును క్రికెట్టును మాత్రమే కాదు. ఎవరో ఒక రైతు తన పొలపు ఒడ్డుమీద నిలిచి, మిరపతోటకు పట్టిన బొబ్బర తెగులును గూర్చియో, క్రొత్తగా పరచిన డ్రిప్పు పైపులను గూర్చియో, అంగడిలో కొన్న కోడెలను గూర్చియో, తన నోటిమాటతో చెప్పుచు, తన చేతులతో చూపుచుండు వీడియోలు వానితో సమానముగా నడచుచుండును.

దీనిని చిన్న విషయముగా కొందరు తలంతురు. పొద్దుపోక చూచువారును, ప్రకటనల రాబడికై తీయువారును కలిసి పెంచిన వేడుకయని వారి భావము. నా అభిప్రాయము వేరు. వ్యవసాయమును గూర్చి తెలుగున వెలువడిన వాఙ్మయములో అధికభాగము ఇంతవరకు రైతును గూర్చి ఇతరులు చెప్పినదియో, రైతుకు ఇతరులు చెప్పినదియో యై యుండగా, రైతు తన దినచర్యను తానే, తన పొలముననే నిలిచి, సాటి రైతునకు చెప్పుట ఇంత విరివిగా జరుగుట ఇప్పుడే చూచుచున్నాము. అందులోను విశేషములకంటె దినచర్యయే అమూల్యమని నేను నమ్మెదను. ఏరువాకనాడు ఎడ్లకు రంగులు పూసి నాగలికి పూజచేయుటను చిత్రకారులు చిత్రించిరి, కవులు వర్ణించిరి. తెల్లవారకముందే లేచి, మోటరు స్టార్టరు డబ్బా తెరచి, ఫ్యూజు పోయినదో, బల్లి దూరి మాడినదో టార్చిలైటు వెలుగులో చూచుకొను రైతును చిత్రించినవారు అరుదు. కాని అతని బ్రతుకంతయు అట్టి ఉదయములతోనే నిండియున్నది.

ఈ మాట దిల్‌సుఖ్‌నగర్‌లో నిలిచి చెప్పుటకు కారణము కలదు. నేడు ఇండ్లతోను, బస్సులతోను క్రిక్కిరిసిన ఈ తూర్పు హైదరాబాదు నిన్నమొన్నటివరకు పల్లెల సమూహము. సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలమున, 1626లో త్రవ్వబడినది. చెరువు త్రవ్వించుట పడవ షికారునకు కాదు. దాని క్రింద పొలములుండవలెను, ఆ పొలములకు తూము విడువవలెను. కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ, మన్సూరాబాద్, నాగోలు అను పేర్లు నేడు కాలనీలకును బస్సు స్టాపులకును మిగిలినవి గాని, అవి యన్నియు ఒకప్పుడు ఊళ్లు. కూడలికి పెట్టిన పేరైనను, జై జవాన్ జై కిసాన్ అను నినాదము నిచ్చిన లాల్ బహదూర్ శాస్త్రిగారిదే, ఎల్.బి. నగర్ అను పొడియక్షరములలో ఆ మహనీయుని స్మృతి మరుగుపడినది. ఆ కూడలినుండి బయలుదేరిన రెండు రహదారుల పొడుగునను, హయత్‌నగర్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్ వరకును, తుర్కయంజాల్ దాటి ఇబ్రహీంపట్నం వరకును, కందియు జొన్నయు పండిన చేలలో నేడు హద్దురాళ్లు మొలచియున్నవి.

పొలములు పోయినను రైతు మాత్రము చాలకాలము ఈ ప్రాంతమునకు వచ్చుచునే యుండెను. మొజాంజాహీ మార్కెట్టునుండి తరలివచ్చిన పండ్ల వ్యాపారము కొత్తపేటలోని గడ్డిఅన్నారం మార్కెట్టులో స్థిరపడిన తరువాత, వేసవి వచ్చెనన్న కొల్లాపూరు మామిడియు, జగిత్యాల మామిడియు, నల్లగొండ బత్తాయియు లారీలలోను డీసీఎంలలోను దిగుచు, తెల్లవారుజామున వరిగడ్డి వాసనయు మాగిన పండ్ల వాసనయు కలిసి రోడ్డు దాటి ఇండ్లలోనికి వచ్చుచుండెడివి. తలకు తువ్వాలు చుట్టి, కుప్పప్రక్కన గొంతుకూర్చుండి, వేలము పాట ఎచ్చట ఆగునోయని వ్యాపారి పెదవులవంక చూచు రైతును, కాలేజీకి పోవు పిల్లలును, ఆఫీసుకు పోవు ఉద్యోగులును దినదినము చూచుచుండిరి. ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోయినది. పాత మార్కెట్టు స్థలమున పెద్ద ఆసుపత్రి నిర్మాణమునకు 2022 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రి అక్కరలేదని ఎవ్వరనగలరు? కాని, ఈ ప్రాంతమువారికి రైతు కంటబడు పెద్ద తావు ఆనాటితో పోయినది. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజారుల వరుసలో సరూర్‌నగర్‌కు వచ్చిన రైతుబజారు మిగిలియున్నదిగాని, అచ్చట కొనువానికి తొందర, అమ్మువానికి తొందర. బెండకాయ కిలో యెంత అన్న ప్రశ్నను మించి సంభాషణ సాగదు. రైతుతో తీరికగా కూర్చుండి అతని మాట వినుటకు ఇప్పుడు పట్టణవాసికి మిగిలిన చోటు చేతిలోని ఫోనే యైనది.

రైతుకు చెప్పుటయను పని మనదేశమున చాలకాలముగా, చాల శ్రద్ధతో జరిగినది. సాయంకాలము ఆకాశవాణి పాడిపంటలు వినిపించుచుండగా రచ్చబండవద్ద చేరినవారు వట్టి కాలక్షేపమునకు చేరినవారు కారు. తంజావూరు రైతులు రేడియోలో విని సాగుచేసిన ఏ.డి.టి. 27 అను వరికి రేడియో వరి యనియే పేరు పడినదన్న, ఆ మాటకు ఎంత బలముండెనో ఊహింపవచ్చును. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టునున్న పల్లెలకై దూరదర్శను కృషిదర్శన్ ఆరంభించినది. 1969లో అన్నదాత మాసపత్రిక పుట్టినది. అటక మీద దాని పాత సంచికలు కట్టగట్టి దాచుకొన్న ఇండ్లను నేనెరుగుదును. 1975 ఆగస్టునుండి ఏడాదిపాటు, అమెరికా వారి ఉపగ్రహమును ఎరవు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు టెలివిజను పాఠములను ప్రసరించినప్పుడు మన తెలుగు పల్లెలు కూడ అందులో నుండెను. 2004లో కిసాన్ కాల్ సెంటరులు వచ్చినవి. వీని యన్నింటికిని నేను నమస్కరించెదను. ఒక్కొక్కదాని వెనుక ఎందరో నిజాయితీపరులైన శాస్త్రజ్ఞుల, ఉద్యోగుల శ్రమ యున్నది. ఐనను వీనియన్నింటిలో మాట నడచిన దిక్కు ఒక్కటే: తెలిసినవాడు మాటాడును, రైతు వినును. విన్న రైతు తన చేనిలో ఆ సలహా ఫలించెనో లేదో తిరిగి లోకమునకు చెప్పుటకు త్రోవ లేకుండెను.

ఆ త్రోవ మన గడ్డమీదనే, జహీరాబాదు దగ్గరి పస్తాపూరులో, యూట్యూబు పుట్టుటకు ముందే పడినది. ఆ కథను తెలుగువారు తగినంతగా తలంచుకొనుట లేదు గనుక కొంచెము నిదానముగా చెప్పెదను. మైసూరులో జన్మించి, దూరదర్శనులో కార్యక్రమములు రూపొందించి, పైన చెప్పిన 1975 నాటి ఉపగ్రహ ప్రయోగమునందును పనిచేసిన పి.వి. సతీష్‌గారు, 1983లో ఆ ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నెలకొల్పినవారిలో ముఖ్యులు. ఊరూర సంగములుగా ఏర్పడిన స్త్రీలు, అందులో అధికసంఖ్యాకులు దళితులు, బడి ముఖ మెరుగనివారు, పడావు పడిన చెలకలను దున్ని జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములను కలిపి పండించుచు, విత్తనములను బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో దాచుచు తమ తిండి తాము సంపాదించుకొనిరి. ఆకాశమునుండి పల్లెకు పాఠము పంపు పనిలో నుండివచ్చిన ఆ మనిషియే, గత శతాబ్దము ముగియువేళకు, ఆ స్త్రీల చేతికి వీడియో కెమెరా నందించెను. తరతరములుగా తమ్మును గూర్చి ఇతరులు వ్రాయగా, తీయగా, మాటాడగా ఊరకుండినవారు, ఇప్పుడు తమ చేలను తామే తీయసాగిరి. 2008 అక్టోబరు 15న మాచునూరులో ఆరంభమైన సంగం రేడియో వారి గొంతునే వినిపించినది.

కెమెరా పట్టుట నేర్చునప్పుడు ఆ స్త్రీలు చేసిన పని నాకు మిక్కిలి గౌరవము కలిగించినది. పైనుండి క్రిందికి చూచుచు తీయు దృశ్యము పటేలు చూపు. క్రింద కూర్చుండి పైకి చూచుచు తీయునది జీతగాని చూపు. మనిషి కన్నుకు కన్ను సరిగా, ఒకే ఎత్తున కెమెరాను నిలిపి తీయునది సంగం షాటు. సంగములో అందరును చాపమీద సమానముగా కూర్చుందురు గనుక, తమ చిత్రములు ఆ ఎత్తులోనే ఉండవలెనని వారు నిర్ణయించుకొనిరి. చలనచిత్ర కళాశాలలలో ఏళ్లతరబడి బోధించు విషయమును అనుభవమునుండి నేరుగా పట్టుకొన్న ఆ చూపుతోనే వారు వరంగల్లుకు పోయిరి. 2002లో బీటీ పత్తికి మనదేశమున అనుమతి వచ్చిన తొలి పంటకాలమున, ఆ విత్తనము వేసిన రైతుల చేలకు పోయి, పెట్టిన ఖర్చును, వచ్చిన దిగుబడిని, మిగిలిన కోపమును వారి నోటనే చెప్పించి 2003లో చిత్రము తీసిరి. విత్తనములను గూర్చిన వాదములో ఎవరి పక్షము ఏదియైనను, నాగలిపట్టిన చేతులు పట్టిన కెమెరాముందు సాటి రైతు ఎంత మనసు విప్పి మాటాడునో తెలియగోరువారు ఆ చిత్రమును చూడవలెను. సతీష్‌గారు 2023 మార్చిలో కాలధర్మము చెందిరి.

పస్తాపూరున కొందరికి మాత్రము లభించిన ఆ సాధనము, 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు చవుకయైన పిమ్మట, ఒడ్డుమీద నిలిచిన ప్రతివాని జేబులోనికిని వచ్చినది. అటుపిమ్మటి చరిత్ర పాఠకులకు తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పిన చాలును. 2005నుండి రైతునేస్తం పత్రిక నడుపుచు, 2019లో పద్మశ్రీ పొందిన యడ్లపల్లి వెంకటేశ్వరరావుగారు అచ్చులోని మాటను వీడియోలోనికి తెచ్చిరి. పాత్రికేయవృత్తినుండి వచ్చిన రాజేందర్ రెడ్డిగారి తెలుగు రైతుబడిలో, ఎన్ని ఎకరములు, ఏ విత్తనము, కూలి యెంత, ఎక్కడ అమ్మితిరి, చేతికెంత మిగిలినది అను ప్రశ్నలు వరుసగా వచ్చుచుండును. అలంకారములు లేని ఆ ప్రశ్నలే దాని బలము. సంగీతపు హంగులు లేవు. చాల వీడియోలలో గాలి హోరు మాటను మ్రింగివేయుచుండును. ఇవి గాక, ఏ పేరునకును నోచుకొనని చిన్న చానళ్లు వందలు. భార్య ఫోను పట్టుకొనగా భర్త మాటాడునవి కొన్ని, కొడుకు తీయగా తల్లి మాటాడునవి కొన్ని, ఎవ్వరును లేక ఫోనును పారకఱ్ఱకు ఆనించి తనంత తాను మాటాడుకొనునవి కొన్ని. నా మనస్సు వీనివైపే ఎక్కువగా పోవును.

అట్టిదొకటి వివరించెదను. పత్తిచేను, మొక్కలు నడుమెత్తు పెరిగినవి. మాటాడుచున్న రైతు ముఖము కనబడదు; కుడిచేయి మాత్రము కనబడుచున్నది, గోళ్లలో పసరు పట్టియున్నది. విచ్చవలసిన పువ్వు విచ్చక, రేకులు కొనలవద్ద ఒకదాని కొకటి అంటుకొని ముడుచుకొన్నదానిని అతడు త్రుంచి అరచేత పెట్టుకొనెను. దీనినే గుడ్డిపువ్వు అందురు. బొటనవ్రేలితో రేకులను మెల్లగా విడదీయగా, పుప్పొడి నడుమ బియ్యపు గింజలో సగమైనను లేని పురుగొకటి కదలినది. అది పెరిగి, కాయలోనికి దూరి, గులాబీరంగు తిరిగిన తరువాత చేయగలిగినది అల్పము. ఇప్పుడే, పువ్వుగా నున్నప్పుడే ఏరి నలిపివేయవలెనని చెప్పి, అతడు ఫోనును మొక్కకు మరింత దగ్గరగా చేర్చి, మంచి పువ్వును గుడ్డిపువ్వును ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. ఆ తేడాను మాటలతో చెప్పుట ఎంత కష్టమో, ఆ వాక్యము వ్రాయుటకు నేను పడిన శ్రమనుబట్టి నాకు తెలిసినది. రేడియోలో అది చెప్పుట మరింత కష్టము. అరచేతిలో చూచినవాడు జన్మలో మరువడు.

ఆ వీడియోను నాకు చూపినవాడు మా వీధి హాస్టలులో నుండి గ్రూప్స్ పరీక్షకు చదువుకొను దేవరకొండ వైపు పిల్లవాడు. చాయ్ దుకాణమువద్ద దానిని చూచి ముగించినవెంటనే ఇంటికి ఫోను చేసెను.

“నాయినా, మన చేన్ల గుడ్డిపూలు కనవడుతున్నయా?”

“పొద్దుగాల్నే సూసిన బిడ్డా. పడమటి దిక్కు సాళ్లల్ల రెండో మూడో ఉంటె తెంపి నలిపేసిన. నువ్వు తిన్నవా?”

తండ్రికి ముందే తెలిసియున్నదని నేను సంతోషించితిని. కుమారునకు ఆ సంగతి అడుగవలెనని తోచినందుకు మరింత సంతోషించితిని. చదువు నిమిత్తము ఊరు విడిచి, చేను మాట ఇంట ఎత్తుటకే సంకోచించు వయస్సులో, తండ్రితో మాటాడుటకు అతనికి పడమటిదిక్కు సాళ్లు దొరకినవి. ఈ సంబంధమును నిలిపిన వస్తువు ఏదైనను నాకు పూజ్యమే.

భాషను గూర్చి కూడ ఒకమాట చెప్పవలసియున్నది. టెలివిజను వారు పల్లెకు పోయినప్పుడు, మైకు ముందు పెట్టగానే రైతు తన మాటను విడిచి, పుస్తకపు మాటను వెదకికొనుచు తడబడుచుండెడివాడు. ఆ తడబాటును మనము అతని అజ్ఞానముగా ఎంచితిమి. తన ఫోనులో తాను మాటాడునప్పుడు అతనికి తడబాటు లేదు. పాలమూరు రైతు పాలమూరు మాటయే, గుంటూరు రైతు గుంటూరు మాటయే, అనంతపురము రైతు అనంతపురపు మాటయే మాటాడును; ఒకచోట దమ్ము చేసినది మరియొకచోట కరిగెట్టినది యగును, ఒకచోటి గట్టు మరియొకచోటి ఒడ్డగును; ఐనను తెనాలివాడు చెప్పినది తాండూరువానికి అర్థమగుచునే యున్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో ఆరంభమైన మై విలేజ్ షోలో, కూలిపని చేసికొని బ్రతికిన గంగవ్వ తన ఊరిమాటను ఇసుమంతయు మార్చుకొనక దేశమంతట పేరు పొందుట ఈ ధైర్యమునకు చాల తోడ్పడినది. వ్యాకరణమునకు అలవాటుపడిన నావంటివానికి సైతము, ఆ మాటలలోని సూటిదనమును వినునప్పుడు చెవులు చల్లనగుచున్నవి.

ఇక చెప్పక తప్పని కష్టమైన మాట. ఈ వీడియోలలో అధికముగా చూడబడునవి దినచర్యను చెప్పునవి కావు. ఎకరమునకు లక్షల రాబడి యని పెద్దయక్షరములతో ముఖచిత్రము పెట్టుకొన్నవి. డ్రాగన్ ఫ్రూటు కావచ్చును, కడక్‌నాథ్ కోళ్లు కావచ్చును, మలబారు వేప కావచ్చును. కాపు నిండుగా ఉన్న రోజున తీసిన ఆ దృశ్యమున సిమెంటు స్తంభముల ఖర్చు మాటవరుసకు వచ్చును, మొదటి సంవత్సరముల వడ్డీ మాట రానేరాదు, అమ్ముడుపోని సంవత్సరము మాట అసలే రాదు. కొన్ని చోట్ల మొక్కలమ్మువాడే ఆ వీడియో తీయించును. ఉద్యోగము విసిగి, ఊరికి పోయి సేద్యము చేయుదమని ఎల్.బి. నగర్‌లో అద్దెయింట కూర్చుండి కలలు గను యువకుడు, దానిని నమ్మి, తండ్రి దాచిన సొమ్మును తెచ్చి నేలలో పోయుటకు సిద్ధపడును. ఇందు తీసినవారిది ఎంత దోషమో చూచు మనది కూడ అంత దోషము. గెలిచినవానిని చూడగోరుచున్నాము గనుక గెలిచినవాడే కనబడుచున్నాడు. పస్తాపూరు స్త్రీల కొలతతో చూచినచో, ఇది మరల పైకి చూచు చూపే. రైతును వేదికమీద కెక్కించి, క్రిందనుండి చూపి, చప్పట్లు కొట్టుటవలన రైతునకు గాని చూచువానికి గాని మేలు లేదు. సిచువాన్ కొండలలో తన అవ్వతో కూడి పల్లెబ్రతుకును చిత్రించి లోకమును మురిపించిన చైనా యువతి లీ జీచీ వీడియోలను నేనును చూచి మురిసితిని. ఆ సౌందర్యము నిజమైనదే. కాని అది సౌందర్యమునకై తీసినది. దానిని చూచి పెట్టుబడి పెట్టువాడు లేడు. ఎకరమునకు లక్షలన్న మాట అట్టిది కాదు. దాని వెంట బ్యాంకు పుస్తకములు కదలును.

ఓడినవాని వీడియో ఒక్కటి గెలిచినవారి వీడియోలు నూటికంటె విలువైనదని నేను దృఢముగా నమ్మెదను. అట్టివి ఉన్నవి, తక్కువగానైనను. యాసంగి కోతల కాలమున, కొనుగోలు కేంద్రము ముందర వడ్లు ఆరబోసిన రైతు, తేమ పదునేడు శాతమునకు దిగువకు వచ్చువరకు కాంటా వేయరు గనుక, పగలెల్ల కాళ్లతో వడ్లను తిరగదీయుచు, సాయంకాలము పడమట మబ్బు పట్టగానే పట్టాలు కప్పుటకు పరుగెత్తుచు, నడుమ ఊపిరి తీసికొని ఫోను తెరచి, మబ్బును చూపి, కుప్పను చూపి, పట్టాకు పడిన చిరుగును చూపి ఊరకుండును. ఆ చిన్న వీడియోలో సలహా ఏదియు లేదు. కాని, పరీక్షల గైడులో ధాన్య సేకరణ విధానమను పేరాను కంఠస్థము చేయుచున్న హాస్టలు పిల్లవాడు దానిని చూచినచో, పదునేడను అంకెకు అర్థమేమో అతనికి తెలియును. రేపు అతడే తహసీల్దారై ఆ కేంద్రమునకు పోవలసియుండవచ్చును. బత్తాయి తూచునప్పుడు టన్నుకు ఇంతయని సూటు పేర వ్యాపారి తీసివేయు బరువును, మిరప కల్లములో తాలుకాయ ఏరుటకు ఇచ్చిన కూలిని, బోరు వేసి నీరు పడక పూడ్చిన గుంతను చూపు రైతులు కూడ ఉన్నారు. పరువు పోవునని జంకక, తన నష్టమును నలుగురి యెదుట లెక్కచెప్పువాడు నా దృష్టిలో ఆచార్యుడు.

మా ప్రాంతపు డాబాలమీద కూడ ఈ వీడియోల ప్రభావము కనబడుచున్నది. కథారచయితగా తెలుగువారెరిగిన తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు నారపల్లిలోని తమ ఇంటిమీద మిద్దెతోట పెంచి, దాని దినచర్యను ఓపికగా చెప్పుచు రాగా, వనస్థలిపురములోను, కొత్తపేటలోను బీరపాదులు వాటరుట్యాంకుల చుట్టు అల్లుకొన్నవి. అల్వాల్ రైతు, 2020లో పద్మశ్రీ పొందిన చింతల వెంకటరెడ్డిగారు, నేలలోతు మట్టిని నీట కలిపి పైరుమీద చల్లు పద్ధతిని వివరించిన వీడియోలు చూచి, కుండీలలోని వంగమొక్కలకు మట్టినీరు చల్లు గృహిణులను నేనెరుగుదును. ఒక వంకాయకు పట్టు కాలమును, ఒక పురుగు చేయు నష్టమును తన డాబామీద అనుభవించిన ఇల్లాలు రైతుబజారులో బేరమాడు తీరు మారును. ఈ మార్పును నేను చూచితిని.

ప్రభుత్వము కూడ ఈ దారిని గుర్తించినది. 2024 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము రైతువేదికలలో వీడియో మూలముగా శాస్త్రజ్ఞులతో రైతులు మాటాడు రైతునేస్తం కార్యక్రమమును ఆరంభించినది. రైతు మాట కూడ అందులో వినబడుచున్నంతకాలము అది మంచిది. అంతకంటె అవసరమైన పని మరియొకటి నాకు తోచుచున్నది. ఈ వేలకొలది వీడియోలు నేడు ఎక్కడనో పరదేశపు కంపెనీల యంత్రములలో నున్నవి. తీసినవాడు విసిగి తీసివేసినను, కంపెనీ నియమము మార్చినను, ఒక తరము సేద్యపు జ్ఞాపకము మాయమైపోవును. 1975 నాటి కార్యక్రమములలో ఎన్ని నేడు చూడ దొరకునో ఆలోచించినచో ఈ భయము అకారణము కాదని తెలియును. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయము తెలంగాణ సోనా వంటి వరిని 2015లో రైతుల కిచ్చిన సంస్థ. ఆ వరిని ఏ మండలములో, ఏ నేలలో, ఎవరెట్లు పండించిరో రైతులే చెప్పిన సాక్ష్యమును భద్రపరచుట దానికి తగిన కార్యము. తీయు రైతులకును నా మనవి ఒకటున్నది. వీడియో మొదటనే ఊరిపేరు, మండలము, నేల రకము, విత్తనము పేరు, నాటిన తేదీ చెప్పుడు. చివర పెట్టుబడియు, అమ్మిన ధరయు, నష్టమైనచో నష్టమును చెప్పుడు. అదే చేనిని నెలకొకసారి, కాపులేని నెలలలో సైతము, చూపుడు. తొలకరి దుక్కులకు ముందే ఇరుపక్షములును ఈ పనికి పూనుకొన్నచో, ఈ వానాకాలపు విత్తనమునుండియే లెక్క మొదలగును.